ఉల్లిపొరలో కేంద్రకం కనబడట్లేదు, ఏం చేయాలి?

గళ్ళచొక్కా: మూడు గంటలుగా ఈ స్లైడుతో కుస్తీ. గళ్ళు గళ్ళుగా ఖాళీ గదులు తప్ప ఏమీ లేవు. అక్కడక్కడా నల్లటి అంచుతో గుండ్రాలున్నాయి, ఒక్కోటి ఒక్కో సైజు. కేంద్రకాలు అవేనా? మైక్రోస్కోపు బాగానే ఉంది. రేపు పిల్లలకు చూపించాలి.

కటకం40: గాలి బుడగలు.

పత్రరంధ్రం: ఏ పొర తీశారు? రంగు ఏం వేశారు? అది చెప్పకుండా ఎలాగండీ?

గళ్ళచొక్కా: ఉల్లిపొరే. పైన ఎర్రగా ఉంటుందే, అదే పల్చగా ఉందని తీశా. రంగెందుకు? నీళ్ళ చుక్క వేశా.

పాతబెండు: అయితే మీరు చూసింది 1665లో రాబర్ట్ హుక్ బెండులో చూసిందే. చచ్చిన కణాల గోడలు. కేంద్రకానికి ఆ పేరు పెట్టింది రాబర్ట్ బ్రౌన్, 1831లో, ఆర్కిడ్ కణాలు చూసి. నడుమ 166 ఏళ్ళు. పాఠాల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

పత్రరంధ్రం: చరిత్ర తర్వాత. ఎండిన పొర వదిలేయండి. లోపలి కండగల రేకు ఒకటి తీసి, గుంటగా ఉన్న వైపు తెరుచుకునేలా వెనక్కి విరవండి. పుటుక్కున విరిగి, ఆ గుంట వైపు పల్చటి పొర వేలాడుతుంది. పట్టకారుతో లాగి వెంటనే నీళ్ళలో వేయండి, గాలికి వదిలితే చుట్టుకుపోతుంది. 5 మి.మీ. ముక్క చాలు. సఫ్రనిన్ అనే ఎర్రరంగు ఒక చుక్క, ఒక నిమిషం, ఆపైన నీళ్ళలో కడగండి. కడక్కపోతే అంతా ఎర్రముద్దే. స్లైడు మీద గ్లిజరిన్ చుక్కలో మడత లేకుండా పరచి, కవర్‌స్లిప్ (పైన కప్పే పల్చటి గాజుముక్క) ఒక అంచు ఆనించి, రెండో అంచును సూదితో మెల్లగా దించండి. టప్పున వదిలితే మళ్ళీ బుడగలే.

కటకం40: స్లైడు కిందనుంచి వచ్చే వెలుతురును తగ్గించే డయాఫ్రం సగం మూయండి. వెలుతురు ఎక్కువైతే కేంద్రకం మాయం. ముందు 10ఎక్స్ కటకం, తర్వాత 40ఎక్స్.

పత్రరంధ్రం: నడుమ వెతక్కండి. రిక్తిక, అంటే కణం లోపలుండే పెద్ద సంచి, కణమంతా ఆక్రమించి కేంద్రకాన్ని గోడ పక్కకి నెట్టేస్తుంది. కొన్నిటిలో నడుమ ఉన్నట్టుంటుంది గానీ, అది పై గోడకో కింది గోడకో అంటుకున్నదే, మనం పైనుంచి చూస్తున్నాం కదా.

పదనిధి: రిక్తిక అనే మాటే తప్పు. రిక్తం అంటే ఖాళీ. లోపల కణరసం ఉంటుంది.

పాతబెండు: వాక్యూల్ అన్నా లాటిన్‌లో ఖాళీ అనే అర్థమే. తప్పు మనది కాదు.

పదనిధి: వాళ్ళ తప్పు మనం మోయాలా? రసకోశం అనొచ్చు.

కటకం40: పరీక్షలో రిక్తికే రాయాలి.

పదనిధి: పైగా అందరూ గోడ గోడ అంటున్నారు. కణకవచం వేరు, లోపలుండే ప్లాస్మాపొర వేరు. ఈ స్లైడులో కనబడేది కవచమే. పొర దానికి అతుక్కుని ఉంటుంది, విడిగా తెలియదు.

పత్రరంధ్రం: చూడాలంటే ఉప్పునీళ్ళు ఎక్కించండి. కణద్రవ్యం ముడుచుకుని కవచాన్ని వదులుతుంది. ఎర్ర ఉల్లి రంగుపొర (ఎండినది కాదు, కండగల రేకు పైవైపుది) అయితే ఇంకా స్పష్టం.

గళ్ళచొక్కా: కనబడింది! మూలకి, చిన్న ఎర్రచుక్కలా. థాంక్సండీ. బుగ్గ కణాలకూ ఇదే రంగా?

కటకం40: మిథిలీన్ బ్లూ.