మూడో రౌండులో మనసు జారిపోతోంది, ఎండలో పరిగెత్తితే గట్టిపడుతుందా?

పెన్నాగట్టు: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్నా. 1600 మీటర్లు, అంటే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు, 8 నిమిషాల్లో కొట్టాలి, నేను 8.20 దగ్గర ఇరుక్కున్నా. రెండు రౌండ్లు బాగానే పోతాయి. మూడో రౌండులో మలుపు తిరగ్గానే లోపల ఎవడో 'ఇంక చాల్లేరా' అంటాడు. కాళ్లు నొప్పి కాదన్నా, మనసే. ఏం చెయ్యాలి?

మైపాడు_ఇసుక: రోహిణి కార్తెలో పన్నెండింటికి మైపాడు బీచ్‌కి పో. చెప్పుల్లేకుండా ఇసుకలో మూడు కిలోమీటర్లు కొట్టు, నీళ్లు ముట్టకుండా. వారం చేస్తే గ్రౌండులో 8 నిమిషాలు నీకు లెక్కే కాదు. మేం అట్లే తయారయ్యాం. ఇప్పటి పిల్లకాయలకి చెమట పడితేనే టెన్షన్.

కొత్తపట్నం_గాలి: తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యొద్దు. సముద్రం పక్కన గాల్లో తేమ ఎక్కువ, చెమట కారుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడిందంటే అది వడదెబ్బ, ప్రాణాలు పోతాయి. ఎండకి ఒళ్లు అలవాటు పడడానికే ఒకటి రెండు వారాలు పడుతుంది, అదీ కొంచెం కొంచెంగా పెంచితే.

మైపాడు_ఇసుక: పన్నెండు అంటే సరిగ్గా పన్నెండా? పదకొండు, పదకొండున్నర. ఆ టైముకి గాలి ఉంటుంది.

కావలి_బండి: పదకొండున్నరకి ఆ ఇసుకలో నేనైతే చెప్పులు వెతుక్కుంటా, ధైర్యం కాదు.

కొత్తపట్నం_గాలి: గాలి ఉంటుందట! నేను కోచింగ్‌లో ఉన్నప్పుడు మా సారూ ఇట్లాగే అన్నాడు. ఐదో రౌండులో కళ్లు బైర్లు కమ్మి పడిపోయా. 'నాటకాలు ఆపి లే' అన్నాడు. సెలైన్ ఎక్కించిన రెండో రోజుకి గానీ మా అమ్మని గుర్తుపట్టలేదు. అది మీ దృష్టిలో మనసు బలహీనతేనా?

మైపాడు_ఇసుక: నీ సారు సంగతి నాకెందుకు? నేను చెప్పేది వేరు. ఒళ్లు ఆగమనేది చాలా ముందే, ఇంకా బోలెడు మిగిలుంటుంది. అది తెలియాలంటే ఒకసారి దాటాలి.

కొత్తపట్నం_గాలి: దాటాలి, నిజమే. ఎక్కడ దాటాలో చెప్పండి మరి! పొద్దున్నే ఐదున్నరకి 400 మీటర్లు ఆరు సార్లు కొట్టించండి, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. ఐదోది చచ్చేట్టు ఉంటుంది. దాన్నీ మొదటిదాని టైములోనే ముగిస్తే మనసుకి పాఠం అక్కడే దొరుకుతుంది. కెన్యా మారథాన్ రన్నర్ కిప్చోగే 2019లో వియన్నాలో మారథాన్ దూరం 1:59:40లో కొట్టాడు, నొప్పి వస్తే నవ్వుతాడు, భుజాలు వదులుగా ఉంచుతాడు. ఆయన్నెవరూ ఇసుకలో కాల్చలేదు.

మైపాడు_ఇసుక: నవ్వితే పాసవుతారా? నేను మూడు సెకన్ల తేడాతో ఈవెంట్స్ పోగొట్టుకున్నా. చివరి ఇరవై అడుగులు నడిచా, పరిగెత్తలేదు. ఎవరూ ఆపలేదు, నేనే నడిచా. ఇంటికెళ్లి మా నాయనకి ఏం చెప్పాలో తెలీలేదు. పదేళ్లయింది, ఇంకా ఆ ఇరవై అడుగులే కళ్లముందు. కాబట్టి నాకు ఒళ్లు, తేమ, సెలైన్ అని చెప్పొద్దు.

కొత్తపట్నం_గాలి: అన్నా, ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. మొదటి రౌండు ఎంతలో కొట్టారు?

మైపాడు_ఇసుక: 1.20.

కొత్తపట్నం_గాలి: ఎనిమిది నిమిషాలంటే రౌండుకి రెండు నిమిషాలు. నలభై సెకన్లు ముందే ఖర్చుపెట్టేశారు. ఆ ఇరవై అడుగులు మీ మొదటి రౌండు అప్పు. మనసు తప్పు కాదన్నా.

కావలి_బండి: తమ్ముడూ పెన్నాగట్టూ, నీ మొదటి రౌండు ఎంత?

పెన్నాగట్టు: 1.31. అందరూ పోతున్నారని నేనూ పోయా.

మైపాడు_ఇసుక: రేపు పొద్దున ఐదున్నరకి గ్రౌండుకి రా. వాచీ నేను పట్టుకుంటా. మొదటి రౌండు 1.55 కంటే ముందు వచ్చావో, మళ్లీ మొదలుపెట్టిస్తా.