ఐదు తూటాల రివాల్వరే చాలన్న మాట వెనక్కి తీసుకోవాలా?

గురివింద (ప్రశ్న):

రోజూ ఒంటిమీద పెట్టుకు తిరగడానికి ఏ తుపాకీ అని ఎవరడిగినా ఇన్నాళ్లూ నాది ఒకటే జవాబు. ఐదు తూటాల పొట్టి రివాల్వర్, .38 స్పెషల్ తూటాది, హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) లోపలే దాగి ఉండే రకం. స్మిత్ అండ్ వెసన్ 642 లాంటిది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మరీ గట్టిగా చెప్పేవాణ్ణి. పిస్టల్‌కిలా స్లయిడ్ (పైన జారే భాగం) లాగే పని లేదు, మ్యాగజైన్ గొడవ లేదు, ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, పక్క తూటా వస్తుంది. జేబులో పడుతుంది కూడా.

2018లో సిగ్ పీ365 అనే చిన్న పిస్టల్ వచ్చినప్పటి నుంచి ఈ వాదన కొంచెం కొంచెంగా కరుగుతోంది. 642 పొడవు 160 మిల్లీమీటర్లు, పీ365 పొడవు 147. రివాల్వర్‌కి సిలిండర్ (తూటాలు నింపే, తిరిగే భాగం) దగ్గర 33 మిల్లీమీటర్ల మందం ఉంటే పిస్టల్ అంతకంటే పలచన. ఖాళీగా తూస్తే రివాల్వర్ 415 గ్రాములు, పిస్టల్ సుమారు 500. ఆ కాస్త బరువుకి ఐదు బదులు పది తూటాలు, అదీ 9 ఎంఎం.

అంకెల సంగతి సరే. నాకు తెలియాల్సింది చేతిలో ఏం జరుగుతుందని. రివాల్వర్ సులువు అన్న మాటలో అసలు నిజమెంత? చిన్న 9 ఎంఎంలు ఎక్కడ మొరాయిస్తాయి? రివాల్వర్‌కే మొగ్గు చూపాల్సిన సందర్భం ఇంకా ఏదైనా మిగిలి ఉందా? పర్మిట్, చట్టం సంగతులు ఎక్కడివాళ్లు అక్కడ చూసుకుంటారు కాబట్టి ఆ చర్చ వద్దు.

చెక్కపిడి:

పొట్టి రివాల్వర్ వాడుక నేర్చుకోవడం సులువు, కాల్చడం కష్టం. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మీ పాత సలహా తప్పింది.

ట్రిగ్గర్ లెక్క చూడండి. 642 ట్రిగ్గర్ నొక్కడానికి దాదాపు 12 పౌండ్లు, అంటే ఐదున్నర కిలోల బలం కావాలి. తుపాకీ బరువు అరకిలో కూడా లేదు. తన బరువుకు పదమూడు రెట్ల బలంతో వేలు లాగుతుంటే మూతి కదలకుండా ఉండాలి. స్ట్రైకర్ పిస్టల్స్‌లో (సుత్తి బదులు స్ట్రైకర్ అనే లోపలి సూది తూటాని పేల్చే రకం) ఆ బలం రెండున్నర, మూడు కిలోల దగ్గర ఉంటుంది, లాగే దూరమూ తక్కువే.

రెండోది గురి. పొట్టి రివాల్వర్ మీద ముందు గుర్తుకీ వెనక గాడికీ మధ్య 90 మిల్లీమీటర్లు అనుకుందాం. గ్లాక్ 43ఎక్స్ అనే పలచటి 9 ఎంఎం పిస్టల్ మీద ఆ దూరం 132. గుర్తు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే ఏడు మీటర్ల దూరంలో మొదటిది 78 మిల్లీమీటర్లు తప్పుతుంది, రెండోది 53. పైగా 642 వెనక గాడి అంటే ఫ్రేమ్‌లో తవ్విన కాలువ మాత్రమే. వెలుతురు తగ్గితే అది కంటికి ఆనదు.

ఇక "రివాల్వర్ ఇరుక్కోదు" అన్నది సగం నిజమే. ఇరుక్కుంటే తట్టి, లాగి సరిచేసుకునే దారి లేదు, పనిముట్లు పట్టుకుని కూర్చోవాల్సిందే. ఎక్కడెక్కడ ఇరుక్కుంటుందో చెబుతాను.

సిలిండర్ వెనక ఖాళీ తొడుగుల్ని బయటికి తోసే ఎజెక్టర్ నక్షత్రం కింద కాలని మందు రేణువులు చేరితే సిలిండర్ మూయడం కష్టమవుతుంది, మూసినా తిరగదు. ఖాళీ తొడుగులు విదిలించేటప్పుడు మూతి ఆకాశం వైపు పెట్టి నక్షత్రాన్ని తోసే రాడ్‌ని అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాలి. మెల్లగా తోస్తే రేణువులూ తొడుగులూ నక్షత్రం కిందికే పోతాయి. పొట్టి బారెల్ వాటికి రాడ్ కూడా పొట్టిదే, తొడుగుని పూర్తిగా బయటికి తోయలేదు. అందుకే ఆ దెబ్బ అవసరం. కాల్చడం అయ్యాక పాత టూత్‌బ్రష్‌తో నక్షత్రం కింద రుద్దండి.

తేలికపాటి ఫ్రేముల్లో ఇంకో తంటా ఉంది. తుపాకీ గట్టిగా వెనక్కి తన్నినప్పుడు మిగిలిన తూటాల తొడుగులు తుపాకీతో పాటు వెనక్కి పోతాయి, సీసం ముందుకు జారుతుంది. బాగా జారితే సిలిండర్ ముందుకి పొడుచుకొచ్చి ఫ్రేమ్‌కి తగిలి తిరగడం ఆగిపోతుంది. మీరు వాడే తూటాతో ఇది వస్తుందో లేదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఐదూ నింపండి, ఒకదాని పొడవు ముందే క్యాలిపర్‌తో కొలిచి గుర్తు పెట్టండి, నాలుగు కాల్చండి, మిగిలినదాన్ని మళ్లీ కొలవండి. పెరిగితే ఆ బ్రాండ్ మానేయండి.

మూడోది యంత్రం తప్పు కాదు, వేలి తప్పు. తొందరలో ట్రిగ్గర్‌ని పూర్తిగా ముందుకు రానివ్వకుండా మళ్లీ నొక్కితే సిలిండర్ తిరుగుతుంది కానీ తూటా పేలదు. ఐదులో ఒకటి అలా పోతే ఐదో వంతు పోయినట్టే.

చిన్న పరీక్ష ఒకటి ఉంది. నాలుగున్నర మీటర్ల దూరం, 12 సెంటీమీటర్ల వృత్తం, ఐదు సెకన్లలో ఐదు తూటాలు, అన్నీ లోపలే పడాలి. మీ రివాల్వర్‌తోనూ ఎవరిదైనా 43ఎక్స్ తోనూ ఒకే రోజు చేసి చూడండి. వాదన అక్కడే తెగిపోతుంది.

స్ప్రింగులశాస్త్రి:

పైవన్నీ ఒప్పుకుంటాను. కానీ చిన్న 9 ఎంఎం అంటే పెద్ద పిస్టల్‌ని కుదించారు, అంతే అనుకోకండి. స్లయిడ్ తేలిక, అది వెనక్కి పోయే దూరం తక్కువ, స్ప్రింగ్ బిగువు ఎక్కువ. చేతికి, తూటాకి, నూనెకి ఉండే వెసులుబాటు తగ్గుతుంది. పెద్ద పిస్టల్ క్షమించే తప్పుల్ని ఇవి క్షమించవు.

మొదటిది పట్టు. మణికట్టు వదులుగా ఉంటే తన్నుకి ఫ్రేమ్ కూడా స్లయిడ్‌తో పాటు వెనక్కి పోతుంది. స్లయిడ్ పూర్తి దూరం పోదు, ఖాళీ తొడుగు కిటికీలో పొగగొట్టంలా నిలబడుతుంది. పిస్టల్ బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వరకు ఇదే. మ్యాగజైన్ అడుగున తట్టి, స్లయిడ్‌ని గట్టిగా వెనక్కి లాగి వదిలేస్తే పోతుంది. స్లయిడ్‌ని చేత్తో పట్టుకుని ముందుకు తీసుకురాకండి, వదిలేయాలి.

రెండోది బొటనవేలు. పెద్ద పిస్టల్ పట్టుకున్నట్టే పట్టుకుంటే బొటనవేలు స్లయిడ్ స్టాప్ మీద కూర్చుంటుంది. ఆఖరి తూటా తర్వాత స్లయిడ్ వెనక ఆగదు, తుపాకీ ఖాళీ అయిందని తెలియదు. కుడి బొటనవేలిని ఎడమ చేతి మీదికి కాస్త ఎత్తి పెట్టుకుంటే సరి.

మూడోది మ్యాగజైన్. పదీ నింపి, మూసిన స్లయిడ్ కిందికి దూర్చితే పై తూటా స్లయిడ్ అడుగుకి నొక్కుకుంటుంది. కొక్కెం పడినట్టే అనిపిస్తుంది, కానీ పడదు. మొదటి తూటా కాల్చాక మ్యాగజైన్ కాళ్ల దగ్గర ఉంటుంది. దూర్చాక అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత కిందికి లాగి చూడటం, ఇది అలవాటు కావాలి. ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లు కొత్తలో చివరి తూటా తీసుకోవు. నింపి కొన్ని రోజులు ఉంచితే స్ప్రింగ్ దారికొస్తుంది.

నడుముకి కట్టేముందు మామూలు గుండ్రటి తూటాలు 200, జేబులో పెట్టుకోబోయే రకం కనీసం 50, మధ్యలో శుభ్రం చేయకుండా కాల్చండి. మొదటి 50లో ఒకటి రెండు ఇరుక్కుంటే కంగారు పడక్కర్లేదు. 150 దాటాక ఇరుక్కుంటే ఏ మ్యాగజైన్‌తో జరిగిందో రాసిపెట్టుకోండి. మ్యాగజైన్ల అడుగున 1, 2 అని పెయింట్‌తో రాయమనేది ఇందుకే. రీకాయిల్ స్ప్రింగ్‌ని (స్లయిడ్‌ని తిరిగి ముందుకు తోసేది) పెద్ద పిస్టల్‌లో కంటే ముందే మార్చాలి, తయారీదారు మాన్యువల్‌లో ఇచ్చిన తూటాల సంఖ్య దాటించొద్దు. స్లయిడ్ పూర్తిగా మూసుకోకుండా ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక ఆగుతోందంటే మురికి, తూటా చూడండి, ఆ రెండూ బాగుంటే స్ప్రింగ్ పోయింది.

ఇంకో మాట. 2018లో మొదట వచ్చిన పీ365లలో స్ట్రైకర్ విరగడం గురించి చాలా చర్చ జరిగింది, తర్వాత భాగాలు మార్చారు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు ఎప్పటిదో అడిగి తీసుకోండి.

స్లయిడ్ లాగలేకపోవడం చాలామందికి బలం సమస్య కాదు, పద్ధతి సమస్య. ఎడమ చేత్తో స్లయిడ్‌ని బిగబట్టి, కుడి చేత్తో పిడిని ముందుకు తోయాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి, మూతి మాత్రం పక్కకు తిరగకూడదు. అప్పటికీ రానివాళ్ల చేతికి రివాల్వర్ ఇస్తే మేలు జరుగుతుందా? ఐదున్నర కిలోల ట్రిగ్గర్ అదే చేతికి ఎలా లొంగుతుంది?

జేబుపక్షం:

అందరూ నడుము గురించే మాట్లాడుతున్నారు. జేబు సంగతి వేరు.

రివాల్వర్ పిడి గుండ్రంగా ఉంటుంది, చేయి జేబులో ఉన్నప్పుడే పూర్తి పట్టు దొరుకుతుంది. కోటు జేబులోంచే కాల్చాల్సి వస్తే హ్యామర్ దాగిన రివాల్వర్ ఐదూ కాలుస్తుంది. పిస్టల్ ఒకటి కాల్చాక స్లయిడ్‌కి గుడ్డ అడ్డం పడుతుంది. మీద పడి కొట్టుకునే దూరంలో మూతి ఒంటికి ఆనితే పిస్టల్ స్లయిడ్ రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిగి, ట్రిగ్గర్ నొక్కినా పేలదు. రివాల్వర్‌కి ఆ ఇబ్బంది లేదు.

ఏదైనా సరే జేబు హోల్‌స్టర్ (తుపాకీ ఒర) తప్పనిసరి. ఆ జేబులో తాళంచెవి, నాణెం, ఏమీ ఉండకూడదు. వారానికోసారి బయటికి తీసి నూలుపోగులు ఊదండి.

తూటా విషయంలో ఒకటి. రెండంగుళాల లోపు బారెల్ నుంచి వచ్చే వేగానికి .38 హాలో పాయింట్లు (ముక్కులో గుంట ఉండి, తగిలాక విచ్చుకునే తూటాలు) చాలా వరకు విచ్చుకోవు. స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ (సీసం బరువు కొలత) ప్లస్ పి (ఎక్కువ ఒత్తిడి రకం) ఇలాంటి బారెల్స్ కోసమే చేసింది. తన్ను భరించలేనివాళ్లకు 148 గ్రెయిన్ వాడ్‌కటర్ మంచిది, విచ్చుకోకపోయినా లోతుకు పోతుంది, చేతిని హింసించదు. ముక్కు చదునుగా ఉంటుంది కనుక రెండోసారి నింపడం మాత్రం నరకం.

గురివింద:

అందరికీ థాంక్స్. జేబుకి రివాల్వర్, నడుముకి పలచటి 9 ఎంఎం అని విడగొట్టుకుంటే నా పాత మాటలో మూడో వంతు మిగిలినట్టుంది, అది చాలు.

ఒక బెంగ మిగిలింది. బరువైన ట్రిగ్గరే ఒక సేఫ్టీ అని రివాల్వర్ వాళ్లం నమ్ముతాం. తేలిక ట్రిగ్గర్ పిస్టల్‌ని, ఛాంబర్‌లో (బారెల్ వెనక తూటా పేలే చోట) తూటాతో, పొట్ట ముందు భాగంలో పెట్టుకోవడం ఎంతవరకు సబబు? ఛాంబర్ ఖాళీగా ఉంచితే కాదా?

నెమ్మదస్తుడు:

ఛాంబర్ ఖాళీగా ఉంచితే రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే తుపాకీ పనికొస్తుంది. ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని ఉంటే, ఎదుటివాడు మీ చేయి పట్టుకుని ఉంటే అది ఇనప ముక్క. కొత్తలో ఖాళీ ఛాంబర్‌తో కొన్ని వారాలు తిరిగి, సాయంత్రం స్ట్రైకర్ విడుదల కాలేదని చూసుకుని నమ్మకం తెచ్చుకోవడం వరకు తప్పులేదు. అదే శాశ్వతం చేసుకోవద్దు.

ఇప్పటి స్ట్రైకర్ పిస్టల్స్‌లో ట్రిగ్గర్ కదిలితే తప్ప స్ట్రైకర్‌ని వదలని అడ్డు లోపలే ఉంటుంది. కాబట్టి ప్రశ్నంతా ట్రిగ్గర్‌ని ఏది కదిలించగలదన్నదే. దానికి జవాబు హోల్‌స్టర్. కైడెక్స్ లాంటి గట్టి పదార్థం, ట్రిగ్గర్ గార్డ్ మొత్తం మూసి ఉండాలి, తుపాకీ బయటికి తీసినా నోరు మూసుకుపోకూడదు. మెత్తబడిన తోలు హోల్‌స్టర్ అంచు మడతపడి ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరుతుంది. అలాంటిది పారేయండి, ఎవరికీ ఇవ్వకండి.

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది తీసేటప్పుడు కాదు, తిరిగి పెట్టేటప్పుడు. చొక్కా కొస, జాకెట్ తాడు చివరి బిళ్ల లోపలికి పోతాయి. చొక్కాని రెండో చేత్తో ఛాతీ దాకా ఎత్తి పట్టుకోండి, నడుము ముందుకి తోసి ఒళ్లు కాస్త వెనక్కి వాల్చండి, మూతి ఒంటి నుంచి బయటికి చూసేలా, కళ్లతో చూస్తూ, మెల్లగా దించండి. ఏదైనా అడ్డు తగిలితే తోయకండి, ఆపి పైకి తీయండి. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే, తుపాకీని హోల్‌స్టర్‌లో ముందే పెట్టి రెంటినీ కలిపి నడుముకి తగిలించడం. రాత్రి తీసేటప్పుడూ అంతే, హోల్‌స్టర్‌తో సహా తాళం పెట్టెలోకి.

పిడి చొక్కాలోంచి పొడుచుకొస్తే తుపాకీ మార్చకండి, ముందు బెల్ట్ చూడండి. బిగుసు లేని బెల్ట్ మీద ఏ పిస్టలూ నిలవదు. హోల్‌స్టర్ పక్కన రెక్కలాంటి ముక్క బిగిస్తే అది బెల్ట్‌ని నొక్కి పిడిని ఒంటి వైపు తిప్పుతుంది. మూతి దగ్గర లోపలి వైపు నురుగు దిమ్మె అతికిస్తే పిడి పైభాగం పొట్టకి ఆనుకుంటుంది. చాలామందికి పొట్ట ముందు కుదరని సమస్య ఈ రెంటితో తీరుతుంది.

చెక్కపిడి:

పిస్టల్‌కి మారుతున్నారు కాబట్టి రివాల్వర్‌లో లేని జబ్బు ఒకటి చెప్పాలి. సాధన కోసం రోజూ ఛాంబర్ తూటా తీసి, సాయంత్రం అదే తూటా మళ్లీ ఎక్కిస్తుంటే ప్రతిసారీ దాని ముక్కు బారెల్ వెనక వాలు మీద గుద్దుకుంటుంది. సీసం తొడుగులోకి కొద్ది కొద్దిగా దిగుతుంది, లోపల చోటు తగ్గి పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. అదే పెట్టెలోని కొత్త తూటాని పక్కన నిలబెట్టి చూడండి. క్యాలిపర్ మీద పావు మిల్లీమీటరు తగ్గినా దాన్ని పక్కన పడేయండి. తీసిన తూటాని మ్యాగజైన్ అడుగుకి పంపి పైన వేరేది ఉంచితే దెబ్బలు అన్నిటికీ పంచుకుంటాయి. రెండుసార్లు ఎక్కిన తూటాకి మార్కర్‌తో అడుగున చుక్క పెట్టండి, రెండు చుక్కలు పడ్డవి రేంజ్‌లో కాల్చేయండి.

ఖాళీ తుపాకీతో సాధన చేసే గదిలో తూటాలు ఉండకూడదు. మ్యాగజైన్ తీశాక ఛాంబర్‌ని కంటితో ఒకసారి, చిటికెన వేలితో ఒకసారి చూడండి. సాధన అయిపోయిందని పైకే అనండి, ఆ తర్వాతే తూటాలున్న గదిలోకి వెళ్లండి. "ఇంకొక్కసారి" అని మళ్లీ గోడకి గురిపెట్టినప్పుడే గోడకి చిల్లులు పడుతుంటాయి.