గీజర్ ట్రిప్ అవుతోంది, మీటర్‌లో ఎలిమెంట్ బాగానే ఉంది. ఎవరి మాట నమ్మాలి?

వేడినీళ్లు: 2000 వాట్ల స్టోరేజ్ గీజర్. ఆన్ చేసిన ఐదారు నిమిషాలకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (ఎర్త్‌కి కరెంటు లీకైతే సరఫరా కోసేసే స్విచ్) పడిపోతోంది. చల్లారాక వైర్లు విప్పి కొలిస్తే ఎలిమెంట్ రెండు టెర్మినళ్ల మధ్య 26.8 ఓమ్‌లు, టెర్మినల్‌కీ బాడీకీ మధ్య ఓఎల్ (మీటర్ కొలవలేనంత ఎక్కువ రెసిస్టెన్స్). ఎలిమెంట్ మంచిదేనా? మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ కొలిచే మీటర్) లేకుండా తేల్చలేమా?

ఓమ్స్‌లా: 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే 26.45. కాయిల్ భేషుగ్గా ఉంది. ఇక 30 మిల్లీఆంపులు ఎర్త్‌కి పోవాలంటే 7.7 కిలో ఓమ్‌ల దారి కావాలి. దాన్ని మామూలు మీటరే పట్టేస్తుంది. ఓఎల్ వచ్చిందంటే ఎలిమెంట్ తప్పేమీ లేదు. థర్మోస్టాట్, వైరింగ్ చూడండి.

మెగ్గర్‌మామ: లెక్క సరే, తీర్పే తొందరపాటు. మీరు చెబుతున్నది చల్లటి ఎలిమెంట్ రీడింగ్, అదీ మీటర్ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీతో. ఎలిమెంట్ లోహపు తొడుగు లోపల కాయిల్ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. కొస సీల్ పాడైనా, తొడుగుకు సన్నటి పగులు పడినా ఆ పొడి తేమ పీలుస్తుంది. వేడెక్కితే తొడుగు సాగి పగులు విచ్చుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. ఆన్ చేయగానే కాక ఐదు నిమిషాలకు పడుతోందంటేనే సగం సంగతి తెలుస్తోంది కదా. 500 వోల్టుల డీసీ మెగ్గర్‌తో 1 మెగాఓమ్‌కి తక్కువ వస్తే నేనైతే ఆ ఎలిమెంట్ ఉంచను.

ఓమ్స్‌లా: అయితే వేడి మీదే కొలవండి. పడిన వెంటనే మెయిన్ ఆపి, కరెంటు లేదని మీటర్‌తోనే చూసుకుని, రెండు వైర్లూ విప్పి 20 మెగాఓమ్‌ల రేంజ్‌లో పెట్టండి. ప్రోబ్ మొనలు వేళ్లతో పట్టుకోవద్దు, మీ ఒంటి రెసిస్టెన్స్ కలిసిపోతుంది.

మెగ్గర్‌మామ: దీనికి ఒప్పుకుంటా. కానీ రీడింగ్ కిందికొస్తేనే అది సాక్ష్యం. వేడి మీద కూడా ఓఎల్ వచ్చిందని ఎలిమెంట్‌ని వదిలేయకండి.

రెండువైర్లూ: మీటరే అక్కర్లేని దారి ఉంది. ఎలిమెంట్ వైర్లు రెండూ విప్పి, వేటికవి ఇన్సులేట్ చేసి, కవర్ మూసి పవర్ ఇవ్వండి. ఆర్‌సీసీబీ నిలబడితే అనుమానం ఎలిమెంట్ మీదే. ఒక్క ఫేజ్ వైరే విప్పితే చాలదు. లీకు న్యూట్రల్ కొస దగ్గరుంటే, ఇంట్లో మరేదో లోడ్ పడగానే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ దారి పట్టి ట్రిప్ చేస్తుంది. గీజర్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా పడుతూ, ప్లగ్ పీకితే నిలబడే కేసులు చాలావరకు ఇవే. స్విచ్ ఫేజ్‌నే కోస్తుంది మరి.

ఓమ్స్‌లా: మంచి పరీక్షే, కానీ ఒక కంత ఉంది. ఎలిమెంట్ లేకపోతే నీళ్లు కాగవు. కాగినప్పుడే గాస్కెట్ (నీళ్లు కారకుండా వేసే రబ్బరు సీలు) దగ్గర చెమ్మ ఊరి టెర్మినళ్ల మీద పడుతుంటే ఈ పరీక్షలో దొరకదు. ఫ్లాంజ్ (ఎలిమెంట్‌ని ట్యాంకుకు బిగించే పళ్లెం) చుట్టూ తెల్లటి ఉప్పు చారలు, తుప్పు ఉన్నాయేమో చూడండి.

షార్ట్‌కట్: ఎర్త్ వైరు పీకేయండి, ట్రిప్ అవదు.

మెగ్గర్‌మామ: దయచేసి ఎవరూ అలా చేయకండి. లీకు అలాగే ఉంటుంది, పోయే దారే మారుతుంది. షవర్ కింద నిలబడ్డ మనిషే ఎర్త్ వైరవుతాడు.

వేడినీళ్లు: పడిన వెంటనే కొలిస్తే బాడీకి 11 కిలో ఓమ్‌లు. చల్లారేకొద్దీ పెరుగుతూ పోయి గంటలో మళ్లీ ఓఎల్. గాస్కెట్ పొడిగానే ఉంది. కానీ 11 కిలో అంటే 21 మిల్లీఆంపులేగా, 30ది ఎందుకు పడింది?

ఓమ్స్‌లా: 30 రేటింగ్ అంటే 30 దగ్గర తప్పకుండా పడాలి, 15 వరకు పడకూడదు. మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. అదే ఆర్‌సీసీబీ కింద కంప్యూటర్లు, టీవీల ఫిల్టర్ల లీకేజీ కూడా కలుస్తుంది. ఎలిమెంట్ మార్చేయండి, నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా. గాస్కెట్ కూడా కొత్తది వేయండి. వేడినీళ్ల ట్యాప్‌లో గాలి పోయి ధార నిలకడగా వచ్చాకే ఆన్ చేయాలి. ఖాళీ ట్యాంకులో వెలిగిస్తే కొత్తది కూడా కాసేపట్లోనే కాలిపోతుంది.

మెగ్గర్‌మామ: కొత్తదాన్ని కూడా బిగించే ముందే మెగ్గర్ చేయించండి. నెలల తరబడి షెల్ఫ్‌లో ఉన్నవి తేమ పీల్చి ఉంటాయి. అలాంటిదైతే 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి మళ్లీ కొలవాలి.

ఓమ్స్‌లా: మళ్లీ మెగ్గరేనా మామా!