బీఎమ్‌డబ్ల్యూ 340ఐకి తక్కువ డస్ట్ వచ్చే బ్రేక్ ప్యాడ్లు: ఏవి కొనాలి, ఇంట్లో వేసుకోవచ్చా?

ఫ్రిస్కో340:

నమస్తే అందరికీ. ఉండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. బండి 2017 మోడల్ 340ఐ (ఎఫ్30 తరం), ఎం స్పోర్ట్ బ్రేకులు, అంటే ఆ నీలం రంగు కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి అదిమే భాగాలు) ఉన్నది. ముందు నాలుగు పిస్టన్లు, వెనక రెండు.

బ్రేకులు పట్టే తీరు గురించి ఒక్క మాట అనడానికి లేదు. కాలు ఆనించగానే బండి ఆగుతుంది. బాధంతా డస్ట్‌తోనే. శనివారం పొద్దున్నే శుభ్రంగా కడిగితే, వారం సగం గడిచేసరికి ముందు చక్రాలు మసి పట్టేస్తున్నాయి. అల్లాయ్స్ వెండి రంగువి, దాచుకోవడానికి వీల్లేదు. స్పోక్ మూలల్లో, బోల్టుల గుంటల్లో చిన్న చిన్న నారింజ చుక్కలు కూడా పడ్డాయి. గోరుతో గీకినా, షాంపూ పెట్టి రుద్దినా కదలట్లేదు. ఈ కారు ఎంతో ఇష్టపడి కొనుక్కున్నాను, దాన్ని అలా చూడలేకపోతున్నాను.

ఎలాగూ ముందు ప్యాడ్లు మార్చే టైమ్ వచ్చిందని డాష్‌బోర్డ్ చెబుతోంది. ఇక్కడ ఒక షాపులో అడిగితే నాలుగు చక్రాలకీ ప్యాడ్లు, డిస్కులు అన్నీ మార్చాల్సిందే అని, కొలవకుండానే పెద్ద అంకె చెప్పారు. నాకు గ్యారేజ్ ఉంది, ఫ్లోర్ జాక్ ఉంది, టార్క్ రెంచ్ ఉంది. ఆయిల్ నేనే మార్చుకుంటాను. బ్రేకుల మీద మాత్రం ఇంతవరకూ చెయ్యి పెట్టలేదు.

డస్ట్ తక్కువ వస్తుందనే సెరామిక్ ప్యాడ్లు వేస్తే పట్టు బాగా తగ్గుతుందా? ముందు మాత్రమే మార్చి, వెనక కంపెనీవి ఉంచవచ్చా? డిస్కులు నిజంగా మార్చాలా? ట్రాక్‌కి వెళ్ళను. రోజూ టోల్‌వే మీద ఆఫీసు, వీలైనప్పుడు హిల్ కంట్రీ వైపు ట్విస్టెడ్ సిస్టర్స్ అనే మలుపుల కొండ రోడ్లు, అంతే. పిల్లలు వెనక సీట్లో కూర్చునే బండి కాబట్టి కొంచెం భయంగానే అడుగుతున్నాను.

ఎడిసన్ గ్యారేజ్:

ఫ్రిస్కో గారూ, నేను న్యూజెర్సీలో ఉంటాను. నా 335ఐకీ ఇవే కాలిపర్లు, ముందు ఇవే 340 మిల్లీమీటర్ల డిస్కులు. అకెబోనో కంపెనీ సెరామిక్ ప్యాడ్లు వేసి చాలా కాలమైంది, మళ్ళీ పాతవాటికి వెళ్ళే ఆలోచన లేదు. తెలిసింది వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

జర్మన్ కార్లకి ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి లో-మెటాలిక్ ప్యాడ్లు. వాటిలో ఉక్కు పీచు, గరుకు పదార్థాలు ఉంటాయి. అవి డిస్కుని కొద్దికొద్దిగా గీరుతూ ఆపుతాయి. ఆటోబాన్ మీద 200 కిలోమీటర్ల వేగం నుంచి గట్టిగా తొక్కినా పట్టు సడలకూడదు కదా, అందుకని అలా చేస్తారు. మీ చక్రాల మీద పడే నల్ల పొడిలో ప్యాడ్‌తో పాటు డిస్కు నుంచి రాలిన ఇనుము కూడా ఉంటుంది. ఆ రేణువులు వేడిగా వచ్చి అల్లాయ్ పైపూతలో నాటుకుంటాయి, తర్వాత తడి తగిలి తుప్పు పడతాయి. మీ నారింజ చుక్కలు అవే. ఐరన్ రిమూవర్ కొట్టి కాసేపు ఆగితే ఊదా రంగులో కారిపోతుంది. నీడలో, చక్రం చల్లగా ఉన్నప్పుడు కొట్టండి, పూర్తిగా ఎండిపోకముందే కడిగెయ్యండి.

సెరామిక్ ప్యాడ్ పనిచేసే తీరు వేరు. తన పదార్థాన్నే డిస్కు మీద పల్చటి పొరగా పరుచుకుని, ఆ పొరని పట్టుకుంటుంది. డిస్కు తక్కువ అరుగుతుంది, పొడి తక్కువ వస్తుంది, వచ్చే కాస్త కూడా లేత రంగులో ఉండి నీళ్ళు కొడితే పోతుంది. బదులుగా వదులుకునేది తొలి పట్టు. పాదం ఆనించగానే ముక్కు కిందికి వంచే ఆ గుణం తగ్గుతుంది, కొంచెం ఎక్కువ నొక్కాలి. ఒకటి రెండు రోజుల్లో కాలికి అలవాటైపోతుంది. గట్టిగా తొక్కితే ఏబీఎస్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, కాబట్టి రోడ్డు మీద ఆగే దూరం గురించి దిగులు పడక్కర్లేదు.

కొనేటప్పుడు డబ్బా మీది మాటల కన్నా ప్యాడ్ అంచున ముద్రించిన కోడ్ చూడండి. అందులో రెండు అక్షరాలు పక్కపక్కన ఉంటాయి, ఎఫ్ఎఫ్ అనో జీజీ అనో. మొదటిది ప్యాడ్ చల్లగా ఉన్నప్పటి రాపిడి, రెండోది వేడెక్కాక. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 వరకు, జీ అంటే 0.45 నుంచి 0.55. ఈ బరువు కారుకి ఎఫ్ గానీ జీ గానీ ఉంటే చాలు. 0.25 నుంచి మొదలయ్యే ఈఈ రకం చవగ్గా దొరికినా వద్దు. రెండు ఎఫ్ఎఫ్ ప్యాడ్లు కాలికి ఒకేలా అనిపించాలని లేదు గానీ, ఊరూ పేరూ లేని సరుకుని ఏరెయ్యడానికి ఈ కోడ్ చాలు. డబ్బా మీద మూడు ఆకుల గుర్తు కూడా ఉంటుంది. అది రాగి ఎంత ఉందో చెప్పేది. వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాక వచ్చింది. వాన నీటితో వాగుల్లోకి పోయే రాగి చేపలకి హాని చేస్తుందని ఆ చట్టాలు. మూడు ఆకులూ నిండి, ఎన్ అని ఉంటే రాగి అర శాతం లోపే.

ముందు సెరామిక్, వెనక లో-మెటాలిక్ పెట్టకండి. ఈ విషయంలో నేను రాజీ పడను. ముందు తొలి పట్టు తగ్గి వెనక అలాగే ఉంటే, బ్యాలెన్స్ వెనక్కి జరుగుతుంది. తడి రోడ్డు మీద మలుపులో బ్రేకు వేస్తే అది మంచిది కాదు. రెండు యాక్సిల్స్‌కీ ఒకే కంపెనీ, ఒకే రకం తీసుకోండి.

డిస్కు మార్చాలా వద్దా అన్నది కొలిచి తేల్చుకునే విషయం. ముందు డిస్కు కొత్తది 30 మిల్లీమీటర్ల మందం. ఎంత వరకూ అరగొచ్చో డిస్కు మీదే చెక్కి ఉంటుంది, దీనికి 28.4. అంచున తుప్పు గట్టు ఉంటుంది, దాన్ని కలుపుకోకుండా లోపలి ముఖాన్ని మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలవండి. మందం బాగా మిగిలి, పగుళ్ళు, లోతైన గీతలు లేకపోతే ఉంచుకోవచ్చు. అయితే పాత ప్యాడ్ల పొర దాని మీద ఉంటుంది. ఎమరీ కాగితంతో రెండు ముఖాలూ అడ్డదిడ్డంగా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. పాత పొర మీదే సెరామిక్ వేసేసి, డస్ట్ తగ్గలేదు, వణుకు వస్తోంది అని తిట్టుకునేవాళ్ళు చాలామంది.

ఇక బిగించడం. మీ అదృష్టం ఏంటంటే ఎఫ్30లో హ్యాండ్‌బ్రేక్ వెనక డిస్కు లోపలి డ్రమ్ములో విడిగా ఉంటుంది. వెనక పిస్టన్లు కూడా నేరుగా తోస్తే వెళ్ళిపోతాయి. దీని తర్వాతి తరం జీ20లో ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ మోటార్ కాలిపర్ మీదే ఉంటుంది, దానికి సర్వీస్ మోడ్ పెట్టాలి, మీకా గొడవ లేదు.

బండి సమతలంగా ఉన్న చోట పెట్టి, జాక్ స్టాండ్ల మీద నిలపండి. ఒట్టి జాక్ మీద ఉన్న బండి దగ్గర చెయ్యి పెట్టొద్దు. చక్రం తీశాక కాలిపర్ నడుమ రెండు పిన్నులు, వాటి కింద శిలువ ఆకారపు స్ప్రింగ్ కనిపిస్తాయి. పిన్నుకి సరిపోయే పంచ్ పెట్టి, బయటి వైపు నుంచి బండి లోపలికి కొట్టాలి. రెండో పిన్ను వదులయ్యేటప్పుడు స్ప్రింగ్‌ని బొటనవేలితో అదిమి పట్టుకోండి, లేకపోతే ఎగిరి మొహానికి తగులుతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. కాలిపర్ ఊడదియ్యక్కర్లేదు, ప్యాడ్లు పై నుంచి జారి వచ్చేస్తాయి.

నాలుగు పిస్టన్ల దగ్గర కొంచెం ఒడుపు కావాలి. ఒకదాన్ని తోస్తే పక్కది బయటికి వస్తుంది. అందుకని రెండు ప్యాడ్లూ ఒకేసారి తియ్యకండి. ఒకటి తీసి, పాత ప్యాడ్‌నే పిస్టన్లకి ఆనించి, స్ప్రెడర్‌తో రెండు పిస్టన్లనీ కలిపి మెల్లగా వెనక్కి నొక్కి, కొత్త ప్యాడ్ పెట్టాక రెండో వైపుకి రండి. నొక్కుతున్నప్పుడు పైన ఫ్లూయిడ్ డబ్బా మీద ఒక కన్నేసి ఉంచండి. పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ లేస్తుంది. ప్యాడ్ చెవులు కూర్చునే గాడిని వైర్ బ్రష్‌తో మెరిసేలా రుద్ది, చెవులకి మాత్రం పల్చగా సెరామిక్ గ్రీజు రాయండి. రాపిడి ముఖానికి వేలు కూడా తగలకూడదు. పాత పొడిని గాలి కొట్టి ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. క్లీనర్ కొట్టి తుడిచెయ్యండి.

అరుగుదల సెన్సర్లు ముందు ఎడమ చక్రానికొకటి, వెనక కుడి చక్రానికొకటి ఉంటాయి. పాతది ప్లాస్టిక్ పెళుసెక్కి విరుగుతుంది, కొత్తవి కొని పెట్టుకోండి. చక్రాల బోల్టులు 140 న్యూటన్ మీటర్లు, నక్షత్రం వరసలో.

అన్నీ అయ్యాక, బండి ఒక్క అంగుళం కదలకముందే పెడల్ గట్టిపడేదాకా మెల్లగా నొక్కండి. పిస్టన్లు వెనక్కి పోయి ఉంటాయి, మొదటి తొక్కుడుకి పెడల్ నేల దాకా వెళ్ళిపోతుంది. గ్యారేజ్ తలుపులోకి దూసుకెళ్ళిన బండ్లు ఇలాంటివే.

కోటా ట్రాక్:

ఎడిసన్ అన్న చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. నేను ఆస్టిన్‌లో ఉంటాను, ఖాళీ దొరికితే సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో ట్రాక్ డేలకి వెళ్తాను. అక్కడ 11వ మలుపు దాటాక పొడవాటి స్ట్రెయిట్, దాని చివర 12కి బ్రేకు. సెరామిక్ ప్యాడ్లతో అక్కడికి వెళ్ళొద్దు. రెండు మూడు ల్యాపుల్లో వేడెక్కి, పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు. అది చాలా చెడ్డ అనుభవం. ట్రాక్‌కి వేరే సెట్ కొనుక్కుని మార్చుకోవాలి, వీలైతే డిస్కులతో సహా, ఎందుకంటే ఒకదాని పొర ఇంకొకదానికి పడదు. మీరు ట్రాక్‌కి వెళ్ళనంటున్నారు కాబట్టి సెరామిక్ సరైనదే. ట్విస్టెడ్ సిస్టర్స్ దిగేటప్పుడు గేర్ తగ్గించి ఇంజన్‌తో పట్టండి, బ్రేకు మీద కాలు ఉంచేసి దిగకండి.

ఓఆర్ఆర్ ఆక్టేవియా:

హైదరాబాద్ నుంచి. నాది ఆక్టేవియా ఆర్ఎస్ 230, నాకూ ఇదే డస్ట్ బాధ ఉండేది, నేనూ సెరామిక్‌కి మారిన. మా వానాకాలం సంగతి ఒకటి చెప్త. రాత్రంతా వానలో నిలబెడితే పొద్దుగాల డిస్కు మీద తుప్పు పొర పడ్తది. పాత ప్యాడ్లు దాన్ని గల్లీ చివరికి పోయేసరికే గీకేసేవి. సెరామిక్ మెత్తగ రాస్తది కదా, ఇంకొంచెం టైమ్ తీసుకుంటది, అప్పటిదాంక గరగర వినిపిస్తది. భయపడకుండ నాలుగు సార్లు మామూలుగ బ్రేకు వెయ్యున్రి, పోతది. కారు కడిగినాక కూడా తడి బ్రేకులతోనే షెడ్డుల పెట్టకున్రి, ఒక రౌండ్ తిప్పి ఆరబెట్టి పెట్టున్రి. ఇంకోటి, మా దగ్గర పెద్ద బ్రాండ్ల పేరు మీద నకిలీ డబ్బాలు బాగ తిరుగుతయ్. అసలు డిస్ట్రిబ్యూటర్ బిల్లు ఇవ్వని చోట బ్రేకు సామాను నేనైతే కొనను.

ఫ్రిస్కో340:

అందరికీ పేరుపేరునా థాంక్స్. పని అయిపోయింది. డిస్కులు కొలిస్తే ముందువి 29.3 దగ్గర ఉన్నాయి, మార్చలేదు, ఎమరీ కాగితంతో రుద్దాను. నాలుగు చక్రాలకీ అకెబోనో వేశాను. ఎడిసన్ అన్నా, మీరు చెప్పిన బొటనవేలి మాట గుర్తుంచుకున్నాను కాబట్టి సరిపోయింది, కుడి వైపు స్ప్రింగ్ నిజంగానే తన్నింది. వెనక ఎడమ పిన్ను ఒకటి మొండికేస్తే పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేశాను, పొద్దున రెండు దెబ్బలకి కదిలింది.

పాదానికి తేడా తెలుస్తోంది, మీరన్నట్టే మొదటి అర అంగుళం మెత్తబడింది. దాని తర్వాత పట్టు బాగుంది. సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు చివర్లో వచ్చే కుదుపు పోయింది, మా ఆవిడ కూడా గమనించింది. చక్రాలు వారం తర్వాత కూడా వెండి రంగులోనే ఉన్నాయి, చేత్తో తుడిస్తే బూడిదరంగు పల్చగా అంటుతోంది.

రెండు సందేహాలు మిగిలాయి. బెడ్డింగ్, అంటే కొత్త ప్యాడ్ల పొర డిస్కు మీద సమంగా పట్టేలా చెయ్యడం, ఇంకా చెయ్యలేదు, ఎలా చెయ్యాలి? రివర్స్‌లో మెల్లగా వస్తుంటే ఒక్కసారి టక్ మని చప్పుడు వస్తోంది, తర్వాత ముందుకి కదిలితే మళ్ళీ ఒక్కసారి. ఏదైనా వదులుగా ఉందంటారా?

ఎడిసన్ గ్యారేజ్:

బెడ్డింగ్ ఈ ఆదివారం తెల్లవారుజామునే చేసెయ్యండి, వెనక బండ్లు ఉండకూడదు. 60 మైళ్ళ వేగం నుంచి 10 దాకా, ఏబీఎస్ రాకుండా ఓ మోస్తరు గట్టిగా తొక్కండి, పూర్తిగా ఆపకుండా మళ్ళీ వేగం అందుకోండి. ఎనిమిది పది సార్లు అలా చేశాక బ్రేకు ముట్టుకోకుండా పది నిమిషాలు నడిపి చల్లార్చండి. వేడి మీద ఉన్నప్పుడు బండి ఆపి పెడల్ నొక్కి ఉంచితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడుతుంది, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. కొంచెం వాసన, పల్చటి పొగ రావచ్చు, కంగారు పడకండి.

దిశ మారినప్పుడు ఒక్కసారి టక్ మనడం ప్యాడ్ గాడిలో ఈ చివర నుంచి ఆ చివరకి జరగడం. ఫిక్స్‌డ్ కాలిపర్లలో కొంత ఉంటుంది. అయినా ఊహించుకుని వదిలెయ్యొద్దు. చక్రం తీసి, స్ప్రింగ్ రెండు పిన్నుల కిందా సరిగ్గా కూర్చుందా, పిన్నులు చివరి దాకా దిగాయా చూడండి. పిన్ను సగంలో ఉంటే బయటి చివర రెండు వైపులా సమానంగా కనిపించదు, ఇట్టే తెలుస్తుంది. అవి బాగుండి, కదిలేటప్పుడు మాత్రమే ఒక్క టక్ వస్తే నడుపుకోవచ్చు. గతుకుల మీద కూడా గలగలలాడితే పాత స్ప్రింగులు అలిసిపోయినట్టు, స్ప్రింగులు పిన్నుల కిట్ కొత్తది తెప్పించండి, ఖరీదు పెద్దగా ఉండదు. తర్వాత బ్రేకు తొక్కకుండా స్టార్ట్ బటన్ నొక్కి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా ట్రిప్ మీటర్ బటన్ నొక్కి పట్టుకుంటే సర్వీస్ మెనూ వస్తుంది, అందులో ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ విడివిడిగా రీసెట్ చెయ్యండి.