అప్‌డేట్: ఆకాశంలో తలకిందుల దీపాలు, దొంగ దొరికింది

పోయిన నెల అడిగాను కదా, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో రాత్రి తీసిన ఫోటోల్లో గట్టు దీపాలు ఆకాశంలో పచ్చటి చుక్కలుగా మళ్లీ కనబడుతున్నాయని. లెన్స్ పోయిందని బెంగపెట్టుకున్నాను. పోలేదు.

"ముందు ఫిల్టర్ తీసి చూడండి" అన్నారు మీలో ఒకరు, లెన్స్ ముందు బిగించే చదును గాజుని. హారతి అయ్యాక స్టాండు కదపకుండా ఫిల్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీశాను. రెండోదాంట్లో చుక్కల్లేవు! మొదటిదాంట్లో కింద ఎడమ మూలనున్న దీపానికి పైన కుడి మూలన నకలు. సెన్సర్ (కెమెరాలో బొమ్మని పట్టే చిప్) మీద పడ్డ వెలుగు కొంత వెనక్కెళ్లి, ఫిల్టర్ చదును గాజుకి తగిలి మళ్లీ లోపలికొస్తోందన్నమాట.

పూత లేని గాజు ఒక్కో ముఖానికీ దాదాపు 4 శాతం వెలుగుని తిప్పికొడుతుంది. దానిమీద మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత సుమారు 100 నానోమీటర్ల మందాన వేస్తే, పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగులు ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. 1.5 శాతం లోపే మిగులుతుంది. పలు పొరలైతే ఇంకా తక్కువ.

ఇంట్లో లెన్స్‌నీ ఫిల్టర్‌నీ ట్యూబ్‌లైట్ కింద పట్టుకు చూశాను. పూతున్న లెన్స్‌లో ట్యూబు ఊదాగా, మసగ్గా కనబడింది. పూత లేని నా ఫిల్టర్‌లో మాత్రం తెల్లగా, తల దువ్వుకోవచ్చు. లెన్స్‌తో పాటు ఊరికే ఇచ్చారని మురిసిపోయాను మరి.

మల్టీకోటెడ్, అంటే పలు పొరల పూతున్న ఫిల్టర్ తెప్పించాను. చుక్కలు బాగా తగ్గాయి గానీ వెతికితే ఉన్నాయి. అందుకే రాత్రిళ్లు ఏదీ పెట్టట్లేదు. అంతర్వేది బీచ్‌కెళ్తే ఇసుక గాలికి భయపడి పెడతాను, అంతే.