బ్రైటన్‌కు కొత్తగా వచ్చాను, పరకాల దగ్గర సర్వే చేయాలి

నమస్కారం. మాది పరకాల దగ్గరి పల్లె. గ్రామీణ జీవనోపాధులపై పీహెచ్‌డీ కోసం గత నెల ఇంగ్లండ్‌లోని బ్రైటన్ వచ్చాను. సొంత మండలంలోనే సర్వే చేయాలని ఉంది. ఏప్రిల్‌లో వెళ్దామనుకుంటున్నాను. ఈ రంగంలో ఉన్నవారు దారి చెప్పగలరా? పీహెచ్‌డీ తర్వాత ఉద్యోగాల సంగతి కూడా చెప్పండి.

జవాబు: తమ్ముడూ, మాది నర్సంపేట. ముందు ఏప్రిల్ సంగతి. అప్పటికి పత్తి ఏరడం అయిపోతుంది, మనుషులు ఇళ్ల దగ్గరే దొరుకుతారు, కారు ఊరి నడిమధ్య దాకా పోతుంది. మనకు సుఖమే. గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ 1983లోనే తప్పుపట్టింది ఈ సుఖాన్నే: పరిశోధకులు వానలు లేని రోజుల్లో తారురోడ్డు పక్క ఊళ్లకు వెళ్లి, మగవాళ్లతో మాట్లాడి వస్తారని. ఇంట్లో గింజలు తరిగి, జ్వరాలు ముసిరే వానాకాలం వాళ్ల లెక్కల్లోకి రాదు. జూన్‌లో ఒకసారి, నవంబరులో ఒకసారి వెళ్లు. నవంబరులో ఆడవాళ్లు పొద్దున్నే పత్తి ఏరడానికి పోతారు, చీకటి పడ్డాకే మాటలు కుదురుతాయి.

నా మొదటి ప్రశ్నావళిలో ‘మీకు అప్పు ఉందా?’ అని రాసుకున్నాను. సగం ఇళ్లలో లేదన్నారు. సంబరంగా పట్టిక నింపాను. నెల తర్వాత ఒక పెద్దమ్మ అన్నం వడ్డిస్తూ, పురుగుమందుల దుకాణంలో ఉద్దెర తీరితే గానీ కూతురి పెళ్లి చేయలేమంది. ఆ ఊళ్లో అప్పంటే బ్యాంకుది. విత్తనాలకూ పురుగుమందులకూ ఉద్దెర, ఏనుమాముల మార్కెట్లో అడ్తిదారు దగ్గర ఖాతా. పట్టికంతా కొట్టేసి మళ్లీ గడపగడపా తిరిగాను. నీకు ఈ మాటలు పుట్టుకతో తెలుసు. ప్రశ్నలు ఇంగ్లిషులో రాసి తెలుగు చేయకు.

అక్కడ ఐదు మూలధనాల పంచభుజి నేర్పుతారు: ఒక ఇంటి బతుకును మనుషులు, ప్రకృతి వనరులు, డబ్బు, వస్తువులు, సంబంధాలు అనే ఐదు మూలల్లో చూసే బొమ్మ. పనికొస్తుంది. కానీ కౌలు రైతును అందులో ఏ మూల కూర్చోబెడతావు? సాగు అతనిది, పట్టా ఇంకొకరిది. 2018లో మొదలైన రైతుబంధు, మొదట్లో పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, పట్టాదారుకే చేరింది.

ఉద్యోగాలంటావా, పీహెచ్‌డీ తర్వాత చాలావరకు రెండు మూడేళ్ల ఒప్పందాలే. మన జిల్లా ఒక్కటే పట్టుకుని కూర్చోకు. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలోనూ ఎరువులు అరువిచ్చి, పత్తి కొన్నప్పుడు ఆ బాకీ పట్టుకునే కంపెనీ ఉంది. మన ఉద్దెరతో పోల్చి చూడు, ఒక వ్యాసం దానంతట అదే వస్తుంది.

మరో జవాబు: అన్న చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. జూన్‌లో వెళ్లాలంటే మనుషులపై పరిశోధనకు విశ్వవిద్యాలయం ఇచ్చే నైతిక అనుమతి కోసం దరఖాస్తు శీతాకాలంలోనే పెట్టండి. అందులో నోటిమాట సమ్మతికి తప్పక అనుమతి అడగండి. కాగితం మీద సంతకమో వేలిముద్రో అడిగితే, భూమి పోతుందేమోనని మనవాళ్లు జంకుతారు.