అప్‌డేట్: పండ్ల డైట్ మొదలుపెట్టాక కడుపుబ్బరం, విరేచనాలు (కారణం దొరికింది)

ఏప్రిల్‌లో అడిగింది నేనే. వంటలన్నీ మానేసి మూడు పూటలా పండ్లే తింటున్నాను, నాలుగో రోజు నుంచి పొట్ట డోలులా ఉబ్బుతోంది, రోజుకు ఐదారుసార్లు నీళ్ల విరేచనాలు అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"అది డిటాక్స్, ఓర్చుకో" అన్న మాట నమ్మి ఇంకో వారం లాగాను. నేను చేసిన బుద్ధితక్కువ పని అదే. జీలకర్ర నీళ్లు, నులిపురుగుల మాత్ర, దేనితోనూ తగ్గలేదు. కార్బైడ్‌తో మగ్గేసిన కాయలేమోనని తెలిసినవాళ్ల తోట నుంచి బంగినపల్లి తెప్పించుకు తిన్నా. రాత్రి పదికల్లా మళ్లీ అదే గుడగుడ.

"ఏ పండు తిన్నావో, ఎంతసేపటికి ఇబ్బందైందో రాసిపెట్టు తమ్ముడూ" అన్న అక్క సలహానే పనికొచ్చింది. ఆ కాగితం చూసి గ్యాస్ట్రో డాక్టరు గారు పుచ్చకాయ, మామిడి, ఆపిల్ చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టారు. బ్రెత్ టెస్ట్ రాశారు. పరగడుపున ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే ఒక రకం చక్కెర) కలిపిన నీళ్లు తాగి, మూడు గంటలపాటు అరగంటకోసారి గొట్టంలోకి ఊదడమే. నాకు ఫ్రక్టోజ్ సరిగా ఒంటబట్టడం లేదట. చిన్నపేగు పీల్చుకోనిది పెద్దపేగులోకి పోయి పులిసి గ్యాస్ అవుతుంది, నీళ్లనూ లాగుతుంది. ఆ మూడు పండ్లలో గ్లూకోజ్ కన్నా ఫ్రక్టోజే ఎక్కువ. ఆపిల్‌లో సార్బిటాల్ అదనం, అదీ ఇలాగే సరిగా ఒంటబట్టని చక్కెర లాంటి పదార్థమే.

ఇప్పుడు పప్పు, పెరుగన్నం మళ్లీ మొదలయ్యాయి. పండ్లు రోజుకు రెండుసార్లు, కప్పుకు మించకుండా: బొప్పాయి, కమలా, అరటి. మూడు వారాలుగా పొట్ట నిమ్మళం. మామిడి మాత్రం రెండు ముక్కలు దాటితే ఇప్పటికీ తెలిసిపోతోంది, ఇంట్లోవాళ్లు రసాలు జుర్రుతుంటే చూస్తూ కూర్చుంటున్నా.